ఆ సినిమాలో ఏముంది?

ఉమాపతిలాంటి మొగుడు పగదానికి కూడా రాకూడదని బాలత్రిపురసుందరి అభిప్రాయం. తాగడు, పేకాడడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. పెళ్లానికి తిట్టుకునే వీలు కూడా లేకుండా చేయడం అన్యాయం కాదూ.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో, లోహాల్లో పగుళ్లు కనిపెట్టే ఉద్యోగం ఆయనది. ఇంట్లోనూ పగులు దొరికితేనే నోరు విప్పుతాడు. పులుసులో ఉప్పెక్కువైతే పావుగంట మాట్లాడతాడు. సరిగ్గా కుదిరితే తిని, చెయ్యి కడుక్కుని, పడక్కుర్చీలో వాలతాడు. కాకినాడ నుంచి పాతబస్తీకి కాపురానికొచ్చిన సుందరికి ఇన్నేళ్లయినా ఉర్దూ రాలేదు గానీ, వంట మాత్రం బాగా వచ్చేసింది. అదే కొంప ముంచింది.

అలాంటప్పుడు ఆ ప్రేమకథ సినిమా వచ్చింది. పేపర్లన్నీ ఆకాశానికెత్తాయి. అవార్డులొచ్చాయి. వీధి చివరి హాల్లో ఇద్దరూ చూశారు.

"ఏముందే ఇందులో?" అన్నాడు ఉమాపతి మెట్లు దిగుతూనే. "ఆ పిల్ల వాణ్ణి ఎందుకు వద్దందో చెప్పనే లేదు."

"మనసున్న వాళ్లకి చెప్పక్కర్లేదు లెండి."

అంతే, మొదలైంది. పొద్దున కాఫీ దగ్గర అదే పేచీ, రాత్రి కంచం దగ్గర అదే పేచీ. ఆయన పగుళ్లు ఎంచడం, ఆవిడ పూడ్చడం. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా వాదించేవాడు.

గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి గల్లీలో అమ్మే సక్కుబాయి ఒకరోజు బుట్ట దించి అడిగేసింది.

"ఏందమ్మా, రోజు గదే సిన్మ లొల్లి. సారు గొంతు గింత పెద్దగ ఎన్నడు ఇనలే. గంత మంచిగున్నదా?"

"ఆయన ఒప్పుకునేదాకా వదల్ను."

"ఒప్పుకుంటే ఏమొస్తదమ్మా?"

సుందరి పూలబుట్ట మీదికి వంగింది. "రెండు మూరలియ్యి," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఉమాపతి చెప్పాపెట్టకుండా బయటికి పోయాడు. దీపాలు పెట్టే వేళకి వచ్చి, చెప్పులు విడిచి కూలబడ్డాడు.

"సికింద్రాబాద్ వెళ్లి మళ్లీ చూశాను. మన హాలువాడు ఇంకో ఆట ఇరికించడానికి మధ్యలో ఒక రీలు ఎగరగొట్టాడే. ఆ పిల్ల ఎందుకు వద్దందో అంతా అందులోనే ఉంది." గొంతు సవరించుకున్నాడు. "నాదే తప్పు. నువ్వన్నట్టు గొప్ప సినిమానే. వంక పెట్టడానికి ఏమీ లేదు."

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. సుందరి గెలిచింది.

ఆయన చెప్పాల్సింది అయిపోయింది. కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇల్లంతా వినబడుతోంది.

సుందరి పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కాదండీ, తప్పు నాదే, అసలు చూసిన రోజే నాకా సినిమా నచ్చలేదు."