కింద చిల్లున్న బుట్ట

"గేటు దగ్గర మూడొందల మంది దాకా ఉన్నారు మేడం. అందరి చేతుల్లోనూ బుట్టలే," అంది నిచ్చెన.

నిచ్చెన ఆ మహిళా కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. ఆరడుగులకి అంగుళం తక్కువ. ఇంట్లో బల్బు మార్చాలన్నా, అటక మీది అట్టపెట్టె దించాలన్నా ఆమెనే పిలుస్తారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె మాట విని, ఆటలు నేర్పే ఈల మేడం మెడలోని ఈల వదిలేసి చేతిలోని కరపత్రం మరోసారి చదివింది.

"ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు కళాశాల మైదానంలో బుట్ట బంతి. అందరికీ ఉచితం. తప్పక రండి."

'బుట్టబంతి' అని కలిపి అచ్చువేస్తే అది బాస్కెట్‌బాల్ ఆట. విడగొడితే బుట్టెడు బంతిపూలు. మధ్యలో అక్షరమంత కూడా లేని ఆ ఖాళీ, ఊరిని కదిలించేసింది. ఉచితమంటే ఉన్నపళంగా వచ్చే జనం గంపలు, తొట్లు, బకెట్లు పట్టుకుని వచ్చేశారు.

నిజానికి ఆ జట్టుకి కావలసింది జనమే. కిందటి మ్యాచ్ చూసినవాళ్లు వాచ్‌మన్, ఎండకి నీడ వెతుక్కుంటూ వచ్చిన ఒక పెద్దాయన, రెండు కాకులు. కాకులు కూడా సగం ఆటలో లేచిపోయాయి. చూసేవాళ్లు లేని ఆటకి చోటు దండగనీ, ఈ ఆదివారం గ్యాలరీలోని మూడొందల సీట్లూ నిండకపోతే సోమవారం నుంచి కోర్టులో కార్లు పెట్టిస్తాననీ ప్రిన్సిపాల్ తేల్చేశాడు. మేడం పెట్టిన అర్జీలన్నీ బుట్టదాఖలయ్యాయి. ఆ కాలేజీలో గురితప్పకుండా బుట్టలో పడేవి అవొక్కటే.

ప్రిన్సిపాల్ కరపత్రం ఊపుకుంటూ వచ్చాడు. కాలేజీ పరువు పూలపాలు చేశారన్నాడు. మేడం అప్పటికే ప్రెస్సు యజమానిని పిలిపించింది. ఊళ్లో ఎవరి కరపత్రంలో తప్పున్నా ఏరి చూపించే మనిషాయన. అలాంటివాణ్ణి అందరి ముందూ దులిపేసింది.

"ముప్పయ్యేళ్లుగా అచ్చేస్తున్నారు. కలిపి ఉండాల్సిన మాటని విడదీస్తారా? కళ్లజోడు ముక్కు మీదుందా, మూలనుందా?"

ఆయన తల దించుకుని, తప్పయిపోయిందమ్మా అన్నాడు. నిచ్చెనకి ఆయన్ని చూస్తే జాలేసింది.

గేటు తీయొద్దు, అందరినీ వెనక్కి పంపెయ్యమని ప్రిన్సిపాల్ వాచ్‌మన్‌కి చెప్పాడు. మ్యాచ్ రద్దన్నాడు. నాలుగేళ్లుగా వేకువనే లేచి పరిగెత్తిన కాళ్లు నిచ్చెనవి. సోమవారం అక్కడ కార్లు నిలబడతాయన్న ఊహకే ఆ కాళ్లు కోపంతో కదిలాయి.

"సీట్లు నిండాలన్నారు సార్. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో అడగమన్లేదు."

గేటుకి గడియ పైనెక్కడో ఉంది. వాచ్‌మన్ స్టూలెక్కి వేస్తాడు. నిచ్చెనకి నిచ్చెనెందుకు? చెయ్యెత్తి లాగేసింది.

జనం వరదలా వచ్చి గ్యాలరీ నింపేశారు. ఎక్కడా ఒక్క రేకైనా కనబడకపోయేసరికి గొణుగుడు మొదలైంది. మోసమని ఒకరు, పోలీసులని ఒకరు. ముందు వరసలోవాళ్లు లేవబోయారు. నిచ్చెన మైకు అందుకుంది.

"బుట్ట అదిగో, పదడుగుల ఎత్తున ఉంది. బంతి ఇదిగో, నా చేతిలో ఉంది. రెండూ ఉచితమే. అందులో ఇది ఎన్నిసార్లు పడుతుందో చూసి అప్పుడు తిట్టండి."

ఎవరో నవ్వారు. నీలం ప్లాస్టిక్ తొట్టి ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలమ్మ కళ్లు చిట్లించి పైకి చూసింది.

"కింద చిల్లున్న బుట్టేమిటే తల్లీ. ఎన్నేస్తే మాత్రం నిలుస్తాయి?"

"నిలవవు మామ్మా. అందుకే వేస్తూనే ఉండాలి."

ఈసారి గ్యాలరీ అంతా నవ్వింది. నవ్వినవాళ్లు కూర్చున్నారు. ఆట మొదలైంది.

మొదట్లో కాళ్లు చాపుకుని చూశారు. నిచ్చెన ఇద్దరి మధ్యనుంచి దూరి బంతిని బుట్టలో పడేసేసరికి కాళ్లు ముడిచారు. అవతలి జట్టు పిల్ల నిచ్చెనని తోసేసినా రెఫరీ చూడనట్టు ఊరుకునేసరికి ముసలమ్మ తొట్టి బోర్లించి డప్పులా వాయించింది. ఆ వెనకే బకెట్లు, గంపలు అందుకున్నాయి. పూలతో నిండుంటే ఆ మోత వచ్చేది కాదు. అవతలివాళ్ల గురి రెండుసార్లు ఆ మోతలోనే తప్పింది. ఇంతకుముందు తమ బూట్ల కీచులే తాము విన్న అమ్మాయిలు మొదటిసారి ఒకరి మాట ఒకరికి వినబడక సైగలతో ఆడారు.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. అయినా జనం లేవలేదు. తర్వాతి ఆట ఎప్పుడని ముసలమ్మ నిచ్చెనని నిలదీసింది. ఈసారి మా కోడల్నీ తెస్తాను, దానికి గొంతెక్కువ అంది.

సీటు దొరక్క ఆటంతా నిలబడే చూసిన ప్రిన్సిపాల్, కోర్టు ఉంటుందని ఒప్పుకోక తప్పలేదు. ఆ ప్రెస్సు గుమ్మం మాత్రం కాలేజీ ఇక తొక్కదన్నాడు.

సోమవారం పొద్దున నిచ్చెన ప్రెస్సుకి వెళ్లింది. మా వల్ల మాట పడ్డారు, బేరమూ పోగొట్టుకున్నారు, క్షమించండి అంది. ఆయన నవ్వి, అచ్చుకి ముందు దిద్దడానికి పంపిన నమూనా కాగితం సొరుగులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో బుట్టబంతి శుభ్రంగా కలిసే ఉంది. మధ్యలో ఎర్రసిరా గీత, పక్కన "విడగొట్టండి" అన్న మాట.

అది ఈల మేడం చేతిరాత.