గోదాం షాట్

"షాట్ ఆపుండ్రి!"

కెమెరా ముందుకే వచ్చి నిలబడింది ఆ ముసలామె.

మృదులకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో అరగంటలో ఎండ పోతుంది. ఇవాళ తప్పితే ఈ గోదాం మళ్ళీ దొరకదు.

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయాక మూతబడ్డ గోదాం అది. దాని పైఅంతస్తు నుంచి హీరోయిన్ గీత కిందికి దూకాలి.

డైరెక్టర్‌గా మృదులకు ఇదే మొదటి సినిమా. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాసెట్లు కిరాయికి తెచ్చుకుని పిచ్చిగా చూసిన చవకబారు పగ సినిమాలకు ఇది తన నివాళి. వాటిలో ఒకదాని చివర, హీరోయిన్ మిద్దె మీంచి దూకుతుంది. అచ్చం అలాంటి షాటే కావాలి మృదులకు. హీరోయిన్ తనే దూకాలి. వేరే ఎవరో దూకితే అది నివాళే కాదంది.

"ఎవరీవిడ?"

"జూనియర్ ఆర్టిస్ట్ మేడం," అన్నాడు అసిస్టెంట్ సాయికుమార్. "పేరు ఈరమ్మ. ఎల్బీనగర్ నుంచి వచ్చింది, గుంపులో నిలబడ్డానికి."

"ఏమ్మా, ఏంటి నీ గొడవ?"

"గా నేల మీదేసిన పరుపులు సాలవు మేడం. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చాలె. వాటి మీద పరుపులెయ్యాలె. లేకుంటె పిల్ల కాలు ఇరుగుతది."

"పెట్టెలు ఫ్రేములో కనబడతాయి. ఆ సినిమాలో హీరోయిన్ ఒట్టి నేల మీదికే దూకింది, తెలుసా?"

"ఎవరు జెప్పిన్రు?"

"ఒకరు చెప్పేదేంటి? నలభై సార్లు చూశాను."

"సూస్తె తెలుస్తదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మృదుల ముఖం ఎర్రబడింది.

"నా సెట్లో నాకే పాఠాలా? సాయీ, బయటికి పంపించు. ఇంకెప్పుడూ పిలవొద్దు."

ఈరమ్మ కదల్లేదు. తలెత్తి, అంచున నిలబడ్డ గీతను చూసి అరిచింది.

"దూకకు బిడ్డా!"

గీత భయంగా మృదుల వైపు చూసింది.

"చేతకాకపోతే ఇప్పుడే దిగిపో," అంది మృదుల. "నీ వేషం కోసం పదిమంది కాచుక్కూచున్నారు."

గీత అంచుకు ఇంకో అడుగు జరిగింది.

సాయికుమార్ ఈరమ్మను రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

"యాక్షన్!"

గీత దూకింది.

పరుపు అంచున పడి నేల మీదికి జారింది. ఆమె కేకకు గోదాం దద్దరిల్లింది.

అందరూ మూగారు. ఎవరో కాలు పట్టుకుని లేపబోయారు.

"ముట్టకుండ్రి!"

ఈరమ్మ. గేటు అవతలే కూచుని ఉందేమో, పరుగున వచ్చింది. మూలన పడున్న అట్టపెట్టె చింపి కాలికి రెండు పక్కలా ఆనించింది. కొంగు చించి బిగించి కట్టింది.

"ఈవిణ్ణి మళ్ళీ ఎవరు రానిచ్చారు?" మృదుల కోపం ఇంకా దిగలేదు.

ఈరమ్మ ఆమె వైపు కూడా చూడలేదు. గీత చెయ్యి పట్టుకునే అంబులెన్స్ ఎక్కింది.

"రెండు చోట్ల విరిగింది," అన్నాడు దవాఖానలో డాక్టర్. "అలా కదలకుండా కట్టినవాళ్ళు ఎవరో గానీ పుణ్యం కట్టుకున్నారు. లేకపోతే కాలు దక్కేది కాదు."

మృదుల గీత మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడేది?"

"ఇంటికి పోయింది."

"నంబరిచ్చారా? రేపట్నుంచి సెట్లో ఉండమని అడుగుతాను. ఇలాంటివి ఆవిడే చూసుకుంటారు."

"ఒస్తదనుకుంటున్నరా? మీ మొహం సూడనన్నది." గీత ముఖం గోడవైపు తిప్పుకుంది. "అంబులెన్స్‌ల నాకన్నీ జెప్పింది మేడం. గా పాత సీను మీ ఫోన్ల ఉన్నది గద. నలభై సార్లు ఉరికించుకుంటనే సూసిన్రు. ఒక్కసారి ఆపి సూడుండ్రి."

మృదుల వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది.

మిద్దె అంచు వచ్చింది. కాళ్ళు లేచాయి. వేలితో ఒక్కో బొమ్మే జరుపుతూ, మనిషి గాలిలో ఉండగా ఆపింది.

చెదిరిన జుట్టులోంచి బయటపడ్డ ముఖం హీరోయిన్‌ది కాదు, ఇరవయ్యేళ్ళ ఈరమ్మది.