పదకొండో ప్రశ్న

సూపర్‌వైజర్ ఫారాల కట్టను బల్లమీద పడేసి, ఎదురుగా నిలబడ్డ సర్వే అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"పదకొండో ప్రశ్నకి మిగతా వాళ్ళందరికీ 'లేదు' అనే వచ్చింది. నీ ఒక్కదానికే ఇంటింటా 'అవును' ఎలా వచ్చిందమ్మా?"

పిల్లల ఆరోగ్యం మీద సర్వే అది. పదకొండో ప్రశ్న ఆయన స్వయంగా రాసుకున్నది. 'గత ఏడాదిలో మీ పిల్లలకు డాక్టరు రాయని మందుగానీ, చిట్కాగానీ, వేరే వైద్యంగానీ వాడారా?' ఆ ఒక్క వాక్యం కుదరడానికి ఆయనకి నెల పట్టింది. అడిగినవాడికీ అడగనివాడికీ చదివి వినిపించేవాడు. ఇంట్లో భార్యకైతే కంఠతా వచ్చేసింది.

వాళ్ళు చెప్పిందే రాశానని సర్వే అమ్మాయి నెమ్మదిగా అంది.

"ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టేశావని ఆఫీసంతా అనుకుంటోంది. ఇవాళ నేనూ నీతో వస్తాను. తేడా వచ్చిందా, రేపటి నుంచి రానక్కర్లేదు."

అది ఆమెకి మొదటి ఉద్యోగం. దొరికేదాకా కాళ్ళరిగేలా తిరిగింది.

మొదటి ఇల్లు మందుల షాపాయనది. కింద షాపు, పైన కాపురం. ఆయన ప్రశ్న పూర్తిగా వినకుండానే నవ్వేశాడు. షాపు నిండా మందులు పెట్టుకుని చిట్కాల వెంట పడతామా, 'లేదు' అని రాసుకోమన్నాడు. సూపర్‌వైజర్ ఆమె వైపు గుచ్చి చూశాడు.

సర్వే అమ్మాయి టిక్కు పెట్టబోతూ పెన్ను ఆపి, దగ్గడం మొదలుపెట్టింది. మామూలు దగ్గు కాదు. పేగులు నోట్లోకి వస్తాయేమో అన్నంత దగ్గు. సోఫాలో ఆడుకుంటున్న పిల్లలిద్దరూ బొమ్మలు వదిలేసి ఆమెనే చూస్తూ ఉండిపోయారు.

షాపులో దగ్గు మందు ఉంటుందిగా, ఒక సీసా తెమ్మన్నాడు సూపర్‌వైజర్.

"అవి అమ్మడానికండీ," అంటూ షాపాయన వంటింట్లోకి పరిగెత్తి, అల్లం రసంలో తేనె కలిపి తెచ్చాడు. "ఇది తాగమ్మా. మా పిల్లలిద్దరికీ ఇదే పోస్తాం. రెండు పూటల్లో తగ్గకపోతే నన్నడుగు."

ఆమె తాగి, మూతి తుడుచుకుని, పిల్లల వయసెంతండీ అని అడిగి రాసుకుంది.

మెట్లు దిగుతుంటే సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. ఇంత దగ్గు పెట్టుకుని పిల్లలున్న ఇళ్ళకి ఎలా వస్తున్నావన్నాడు. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచే ఇలా ఉంది సార్, అంటుకునే రకం కాదు, అందామె.

రెండో ఇంట్లో బ్యాంకు మేనేజరమ్మ. ఆమె ప్రశ్న మొత్తం విని, కళ్ళజోడు సర్దుకుని, డాక్టరు చెప్పందే తమ ఇంట్లో బిళ్ళ కూడా ముట్టుకోమని చెప్పింది. ఆ చెప్పడంలో ఎంత నిబ్బరం ఉందంటే, సూపర్‌వైజర్ మురిసిపోయి తల ఊపాడు.

సర్వే అమ్మాయికి మళ్ళీ దగ్గు. ఈసారి ఇచ్చిన మంచినీళ్ళు కూడా సగం ఒళ్ళోనే ఒలికాయి.

వంటింట్లోంచి అత్తగారు మిరియాల కషాయంతో ప్రత్యక్షమైంది. "గటగటా తాగెయ్ తల్లీ. మా మనవడికి దీంతోనే తగ్గింది."

కోడలు కాసేపు ఓర్చుకుంది. ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"మీ కషాయంతో తగ్గలేదత్తయ్యా. నేను రాత్రిళ్ళు వాడి అరికాళ్ళకి గోరువెచ్చని నూనె రాసి మేజోళ్ళు తొడిగేదాన్ని. దానికి తగ్గింది."

"ఆ మేజోళ్ళు నువ్వు పడుకోగానే నేను విప్పేసేదాన్నిగా," అంది అత్తగారు తాపీగా.

ఇక అక్కడ పదకొండో ప్రశ్నకి జవాబులు వద్దన్నా వచ్చి పడ్డాయి. ఆవిరి పట్టడాలు, ఛాతీకి మర్దనాలు, ఎవరో చెప్పిన పొడి. సూపర్‌వైజర్ నోరు తెరుచుకుని అటూ ఇటూ తల తిప్పుతూ కూర్చున్నాడు. సర్వే అమ్మాయి బుద్ధిగా కషాయం తాగి, అరికాళ్ళకి నూనె కూడా రాయించుకుని, బాబు వయసెంతండీ అని అడిగి బయటపడింది.

వీధిలోకి వచ్చాక ఆమె ఆశగా ఆయన మొహం చూసింది. ఆ మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది. నెల రోజులు చెక్కిన ప్రశ్నకి జనం ఎదురుగానే అబద్ధం చెప్పారని ఒప్పుకోవడం ఆయనకి ప్రాణం మీదకొచ్చింది.

"రెండిళ్ళు చూసి నమ్మేయలేను. చదువుకున్నా బుద్ధి రాని ఇళ్ళే ఏరుకుని తిరుగుతున్నావు. పద్ధతిగా ఉండే ఇళ్ళల్లో ఈ గోల ఉండదు. మా ఇల్లే తీసుకో. ఈ సర్వేలో మొదటి ఫారం మాదే. నేనే నింపాను. పదకొండుకి 'లేదు'. నీ ఫారాలు పైకి పంపలేనమ్మా. రేపటి నుంచి వేరే పని చూసుకో."

సర్వే అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత ప్రహరీ గోడ పట్టుకుని, తెరలు తెరలుగా దగ్గుతూ వంగిపోయింది. అంతకుముందు రెండిళ్ళల్లో దగ్గింది దీని ముందు ఏమూలకీ రాదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఎంత కోపమున్నా ఆయనా పిల్లాడి తండ్రే. మనసు కరిగిపోయింది. గబగబా చొక్కా జేబులోంచి వేలెడంత సీసా తీశాడు. లోపల ఆవగింజలంత తెల్లటి తియ్య గుళికలు.

"ఇవి నాలుగు నాలిక కింద వేసుకో తల్లీ. చెయ్యి తగలనివ్వకు, పనిచెయ్యవు. మావాడికి దగ్గొచ్చినా జలుబొచ్చినా ఇవే. డాక్టరు గుమ్మం తొక్కే పనే లేదు."

సర్వే అమ్మాయి దగ్గు టక్కున ఆపి, నిటారుగా నిలబడి, కొత్త ఫారం తీసి, గరగర అన్నదే లేని గొంతుతో అడిగింది: "బాబు వయసెంత, సార్?"