పంతొమ్మిదా, ఇరవయ్యా?

“ఇరవై గుడ్డలూ లెక్కకొచ్చాయని సంతకం పెట్టింది మీరేనా?”

నర్సు తల ఊపింది. విచారణాధికారి కళ్లజోడు సవరించుకుని మళ్లీ ఫారం చూశాడు. ఆపరేషన్‌లో రక్తం అద్దే గాజుగుడ్డ ఒకటి రోగి కడుపులో ఉండిపోయింది. రెండు నెలల తర్వాత మరో ఆసుపత్రిలో మళ్లీ కోసి తీశారు. ఆవిడ బతికి బయటపడింది.

కుట్లు వేసే ముందు రెండుసార్లు లెక్కపెట్టాననీ, రెండుసార్లూ పంతొమ్మిదే వచ్చాయనీ, ఆ మాట గట్టిగానే చెప్పాననీ నర్సు అంది. సర్జన్ వినిపించుకోలేదట. తర్వాత ఫారం ముందు పెడితే, ఉద్యోగం పోతుందన్న భయంతో సంతకం చేసేసిందట.

“అలాంటి మాటేదీ మా చెవిన పడలేదు” అన్నాడు పక్కనే కూర్చున్న సర్జన్. మత్తు డాక్టరూ అదే అన్నాడు, అక్షరం పొల్లుపోకుండా. అధికారికి అదే వింతగా తోచింది. ఇద్దరు ఒకే సంగతి చెప్పొచ్చు, ఒకే వాక్యం ఎలా చెబుతారు? కానీ కాగితం మీద ఉన్నది నర్సు సంతకం. ఆమె ఉద్యోగం ఊడినట్టే.

ఇక మిగిలింది రోగి. కుట్టుపని చేసుకునే నడివయసు మనిషి. నొప్పి ఎప్పుడు మొదలైందో రాసుకుని పంపించేద్దామని ఆవిణ్ణి లోపలికి పిలిచాడు. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

“ఆ సిస్టర్ తప్పేం లేదండీ. ఒకటి తగ్గిందని రెండుసార్లు చెప్పింది. ‘నీకు లెక్కలు రావు, నాలుగింటికి మా అమ్మాయి ఈత పోటీ ఉంది, దారం అందుకో’ అన్నారు డాక్టరుగారు.”

సర్జన్ నవ్వాడు. నర్సే ఈవిడకు నూరిపోసిందన్నాడు. అధికారి నర్సు వైపు తిరిగాడు. ఆపరేషన్ తర్వాత ఈవిణ్ణి చూడటం ఇదే మొదటిసారనీ, ఈత పోటీ మాట తను ఎవరితోనూ అనలేదనీ నర్సు చెప్పింది.

“ఆ రోజు మీ అమ్మాయికి ఈత పోటీ ఉందా?” అని అధికారి సర్జన్‌ని అడిగాడు.

సర్జన్ చూపు బల్ల మీది ఫారం వైపు తిప్పుకున్నాడు. మత్తు డాక్టరు మాత్రం రోగినే చూస్తున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

అధికారి కలం పక్కన పెట్టాడు. “అమ్మా, ఇదంతా మీకెవరు చెప్పారు? అప్పుడు మీరు మత్తులో ఉన్నారు కదా?”

“అందరూ అలాగే అనుకున్నారండీ” అంది ఆవిడ. “వేలు కదపలేకపోయాను, నోరు తెరవలేకపోయాను గానీ, మొదటి కోత నుంచి ఆఖరి కుట్టు దాకా నేను మెలకువగానే ఉన్నాను.”