మిరపకాయల తీర్పు

“చివరికి ఆ సవతితల్లికి సున్నంబొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించి, పొలిమేర దాటించారు,” అంది రాజ్యమ్మ, వంటింట్లోని కోడలికి వినపడేంత గట్టిగా.

“మరి తర్వాత ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారు నానమ్మా?” మంచం మీంచి అడిగింది తేజశ్రీ.

“కథల్లో అన్నాలుండవే. పడుకో.”

వంటింట్లో మాధురి చేతిలో గరిటె ఆగిపోయింది. రెండో భార్యగా ఈ ఇంటికొచ్చి ఆరు నెలలు. తేజశ్రీ తనను పిన్నీ అనదు, అసలేమీ అనదు. గుడ్లప్పగించి చూస్తుంది, అంతే. ఇప్పుడు వారంగా జ్వరం. మందులేస్తే దిగి మళ్ళీ ఎక్కుతోంది.

రాజ్యమ్మ గుమ్మంలోకొచ్చింది. “సందెవేళ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తా. ఘాటొచ్చి పిల్ల దగ్గిందా, సరే. దగ్గలేదా, అది నీ దిష్టే. అబ్బాయి మిర్చియార్డు నుంచి వచ్చేలోపు కొత్తపట్నం బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి పో.”

“ఘాటు మీకూ తెలుస్తుందిగా అత్తయ్యా...”

“నాకేం తెలుస్తుందే?” ముక్కుపొడి ఎగబీల్చింది రాజ్యమ్మ. మిరపకల్లాల్లో పుట్టి పెరిగిన ఆవిడ దగ్గడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. “నువ్వు వెళ్ళి గేటు దగ్గర నిలబడు. నీ దగ్గులు నేన్నమ్మను.”

గేటు బయట వీధి పొడుగునా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఇన్ని కాయలున్న ఊళ్ళో నాలుగు కాయల మీద తన కాపురం! నిజంగా తన కన్నే తగిలిందా? జ్వరం రాకముందు రోజు పిల్లకి జడ వేస్తూ ‘ఎంత ఒత్తు జుట్టో’ అనుకుంది. అనుకోవడమేమిటి, పైకే అంది.

లోపల కుంపట్లో ఉప్పు చిటపటలాడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. మాధురి గేటు ఊచలు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వినపడింది దగ్గు. ఒకటి కాదు, తెరలు తెరలుగా.

“ఓసినీ, ఊపిరి తిప్పుకోవే! ఎవరక్కడ, నీళ్ళు!” రాజ్యమ్మ కేక.

మాధురి పరుగెత్తింది. గదినిండా తెల్లటి పొగ. వారంగా బిగబట్టిన మాధురి ఊపిరి ఆ పొగలోనే సాఫీగా ఆడింది. రాజ్యమ్మ మొహం మాడ్చుకుని, “సరేలే, దానికి జావ కాచివ్వు,” అంటూ వసారాలోకి పోయింది.

మాధురి పిల్లను ఒళ్ళోకి తీసుకుని నీళ్ళు పట్టింది. తేజశ్రీ గుమ్మం వైపు ఒకసారి చూసి, ఆమె చెవికి నోరు ఆనించింది.

“బాగా దగ్గానా, అమ్మా?”