పక్క సీటు సైలెన్సర్

ఇంగ్లండులోని లీడ్స్‌లో మా మెకానిక్ షెడ్డుకొచ్చిన డెస్మండ్, తన పాతకాలపు స్పోర్ట్స్ కారు కోసం నేను తీసిపెట్టిన కొత్త సైలెన్సర్లను చూసి మొహం చిట్లించాడు.

"ఇవన్నీ మూగవి. బాగా అరిచేది తియ్యి."

"సైలెన్సరంటే చప్పుడు తగ్గించేదయ్యా!"

"మూయాల్సింది బండి నోరు కాదోయ్, పక్క సీటుది," అని కన్నుగీటి, బేకన్ రొట్టె కొనుక్కోవడానికి వెళ్లాడు.

అంతలో అతని భార్య బెరిల్ లోపలికొచ్చింది. నాకు జాలేసింది. "చప్పుడు లేనిదే బిగిస్తానమ్మా," అన్నాను.

"కొంప ముంచకు బాబూ! హోరెత్తేదే బిగించు. పాతది పగిలినప్పట్నుంచీ బండిలో నేనేమడిగినా వినపడక తలూపేస్తున్నాడు. పోయిన ఆదివారం మా చెల్లెలు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోతుందంటే సరేనని ఊపాడు. ఈ ఆదివారం, బండి అమ్మేద్దామా అని అడగాలి."