ఆవకాయలో ఉప్పు ఎంత?

బొబ్బిలి వంటల వికీకి పైడితల్లే కాపలా. ఇళ్లలోని మిక్సీలు, ఫ్రిజ్‌లు కూడా కాస్త ఖాళీ దొరికితే చాలు, ప్రకటనలు రాసిపడేసే రోజులవి. పులిహోర పేజీ తెరిస్తే మధ్యలో బట్టతల నూనె అమ్ముతుండేవి. విసుగెత్తి ఆవిడ, రాయడానికి వచ్చేవాళ్లకి ఒక ప్రశ్న పెట్టింది: "ఆవకాయలో ఉప్పు ఎంత?" "తగినంత" అంటే మనిషి, కొలత చెబితే యంత్రం. దాంతో వికీ అద్దంలా మెరిసింది.

నాలుగు నెలలకి మందులషాపు గవరయ్య రొప్పుతూ ఇంటికొచ్చాడు.

"ఏటమ్మా, నీ వికీ నన్ను మిక్సీ అంటంది! కేజీ ముక్కలకి నూట తొంభై ఐదు గ్రాములన్నాను. నలభై ఏళ్లుగా తూసే ఏస్తన్నాను!"

"తగినంత అనెయ్యలేకపోయారా బావూ?"

"తగినంతంటే ఎంతమ్మా?"

పైడితల్లి వికీ తెరిచి, వచ్చినవాళ్ల జాబితా చూసింది. ఈ నాలుగు నెలల్లో రాయడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషిని తనే గెంటేసిందన్నమాట. పైగా వంటింట్లో ఆవిడ మిక్సీ అప్పటికే "తగినంత, తగినంత" అని వల్లెవేస్తోంది.

"తప్పు!" అని కసిరింది దాన్ని.

"క్షమించండమ్మా, మీరన్నదే నిజం" అంది మిక్సీ.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి గవరయ్య వైపు తిరిగింది. "మీ లెక్క కూడా తప్పే బావూ."

"ఎవలి లెక్క తప్పు?" గవరయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "రా, ఇప్పుడే తూసి సూపిస్తాను!"

మర్నాటి నుంచి వికీ, ఎవరేం చెప్పినా "తప్పు" అనే అంటోంది. క్షమించమన్నవాటిని బయటే ఉంచి, పోట్లాటకొచ్చినవాళ్లని లోపలికి పిలుస్తోంది. వారం తిరక్కుండా ఊరంతా వచ్చి రాయడం మొదలెట్టింది. ఆవకాయ పేజీ మీద మాత్రం బొబ్బిలిలో రెండో యుద్ధం నడుస్తోంది.